రాతిలో నిలిచిన పేర్లు, నిలువని పేర్లు

ఇండూరు అనగానే తెలుగు పాఠకునికి నిజామాబాదు పాత పేరు జ్ఞప్తికి వస్తుంది. ధర్మపురి అనగానే గోదావరి ఒడ్డున వెలసిన నరసింహ క్షేత్రం స్ఫురిస్తుంది. ఆ రెండు పేర్లూ తమిళనాటి పడమటి మెట్ట సీమలో కూడ ఒకదాని చెంత ఒకటి ఉండటం చిత్రమే. చిరునామాలో రాష్ట్రం పేరు వ్రాయటం మరచినవాని ఉత్తరం ఎక్కడ తేలుతుందో చెప్పలేము. పేర్లు ఒకటే అయినా మన సీమకు ప్రత్యేకమైన సొత్తు ఒకటి కలదు. మరణించిన మనుష్యుల జ్ఞాపకార్థం నాటిన రాళ్లు విరివిగా దొరికిన ప్రాంతాలలో ధర్మపురి, కృష్ణగిరి, చెంగం పరిసరాలు ముఖ్యమైనవి. తమిళులు వీటిని నడుకల్ అంటారు. మనకు ఇవి వీరగల్లులు.

మన పాఠశాల డెబ్బది అయిదేండ్లు నిండించుకొన్న ఈ సందర్భంలో, గతించిన ఉపాధ్యాయులను, విద్యార్థులను తలచుకొనటం సహజం. మనకంటె ముందు ఈ నేల మీద బ్రతికినవారు తమ గతించినవారిని ఏ విధంగా తలచుకొన్నారో చూడటం కూడ అప్రస్తుతం కాదని భావించి ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

ధర్మపురి ప్రాచీన నామం తగడూరు. సంగమ కాలంలో దీనిని అదియమాన్ వంశంవారు పాలించారు. ఊరికి దగ్గరలోని అదియమాన్ కోట ఆ పేరును నేటికీ నిలుపుకొన్నది. ఆ వంశంలో నెడుమాన్ అంజి ప్రసిద్ధుడు. ఆయుర్వృద్ధి కలిగించే అపురూపమైన ఉసిరికాయ ఒకటి అతనికి దొరికితే, తాను తినక కవయిత్రి అవ్వైయారుకు ఇచ్చాడన్న కథ తమిళనాట పిల్లలందరికీ తెలుసు. దీర్ఘాయుష్షును ఇతరులకు ధారపోసిన ఆ రాజు యుద్ధంలో మరణించాడు. అతనికై నాటిన రాతిని చూచి అవ్వైయారు దుఃఖించిన పద్యం పురనానూరులో 232వది. రాతికి నెమలి ఈక కట్టటం, కల్లు ఆరబోయటం అందులో ప్రస్తావనకు వస్తాయి. అంటే మన ఊరి రాజు మరణమే తమిళ సాహిత్యంలో వీరగల్లును గురించిన తొలి దుఃఖగీతాలలో ఒకదానికి కారణమైనది. ఆ రాయి ఎక్కడ ఉన్నదో ఎవరికీ తెలియదు. పద్యం మాత్రం మిగిలినది.

తొల్కాప్పియం అనే ప్రాచీన వ్యాకరణ గ్రంథం రాయి నిలిపే విధానాన్ని ఆరు దశలుగా చెప్పినది. తగిన రాతిని వెదకి చూడటం, దానిని తెచ్చుకొనటం, నీట స్నానం చేయించటం, నాటటం, పెద్ద నివేదన పెట్టటం, చివరకు స్తుతించటం. శవసంస్కారానికి ఉన్నంత క్రమం రాతి సంస్కారానికి కూడ ఉండేదని దీనివలన గ్రహించవచ్చును. ఇవి కేవలం గ్రంథంలోని మాటలు కావు. తేని జిల్లా పులిమాన్‌కోంబై గ్రామంలో 2006లో బయటపడిన రాళ్ల మీద తమిళ బ్రాహ్మీ లిపిలో అక్షరాలు ఉన్నాయి. క్రీస్తుకు పూర్వమే ఈ ఆచారం స్థిరపడినదనుటకు అవి సాక్ష్యం.

మన ప్రాంతపు రాళ్లలో అధికభాగం తరువాతి కాలానివి. క్రీ.శ. 6వ, 7వ శతాబ్దుల నుండి, పల్లవ రాజులైన సింహవిష్ణువు, మహేంద్రవర్మల పాలనా సంవత్సరాలను పేర్కొంటూ వట్టెళుత్తు అనే గుండ్రని లిపిలో చెక్కినవి చాలా కలవు. బొమ్మలో వీరుడు ఒక చేత విల్లు, ఒక చేత కత్తి పట్టి ఒక ప్రక్కకు ఉరుకుతూ ఉంటాడు. కొన్నిటిలో ఒంటి నిండా బాణాలు దిగి ఉంటాయి. పాదాల దగ్గర చిన్న కొమ్ముచెంబు వంటి పాత్ర, మూల చిన్న చిన్న పశువులు. తరువాతి శతాబ్దులలో రాయి మూడు అంతస్తులుగా పెరిగినది: క్రింద పోరు, నడుమ అప్సరసలు వీరుని మోసికొనిపోవటం, పైన దైవసన్నిధి. శిల్పం నేర్పు పెరిగినదే కాని, తొలినాటి రాళ్లలోని ఆ ఉరుకు తరువాతివాటిలో కనబడదు.

ఎవరీ వీరులు? ఇక్కడనే ఈ రాళ్ల విశేషం ఉన్నది. శాసనంలో మొదట రాజు పేరు, పాలనా సంవత్సరం. ఆపైన ఫలానా నాయకుని సేవకుడు ఫలానావాడు, ఫలానా ఊరి మందను పట్టుకొనిపోగా విడిపించి చనిపోయినాడు, ఇది అతని రాయి అని ముగుస్తుంది. రాజు కాలగణనకు మాత్రమే పనికివచ్చాడు. రాయి మాత్రం సేవకునిది. ఆలయ శాసనాలలో రాజుల బిరుదులు పది పంక్తులు చదివిన తరువాత గాని విషయం తెలియదు. ఈ రాళ్లు అలా కాదు.

మంద అనటానికి ఆ శాసనాలలో వాడిన తమిళ పదం తొఱు. కన్నడంలో తుఱు. మన నిఘంటువులలో తొఱ్ఱు అనగా ఆవు. వాడుకలో మనం పోగొట్టుకొన్న మాట ఈ రాళ్ల మీద సజీవంగా ఉన్నది. పశువుల కోసం ప్రాణాలు ఎందుకు ఇచ్చారని నేటి విద్యార్థి అడుగవచ్చును. వాన తక్కువ, కొండలు ఎక్కువ అయిన ఈ సీమలో పైరు కంటె పశువే ఆస్తి. మంద పోతే ఊరు పోయినట్లే. విరాటపర్వంలో కౌరవులు గోవులను పట్టుకొనటం మనకు తిక్కనగారి వలన పరిచయమైన కథే. దానిని పురాణంగా చదివిన మనకు, అదే కార్యం ఈ కొండల నడుమ ఏటేటా జరిగిన వాస్తవమని ఈ రాళ్లు చెబుతున్నాయి.

మనుష్యులకే కాదు, కుక్కకు కూడ ఇక్కడ గౌరవం దక్కినది. మనకు తూర్పున చెంగం దగ్గర ఎడుత్తనూరు గ్రామంలో మహేంద్రవర్మ 34వ పాలనా సంవత్సరపు రాయి ఒకటి కలదు. మంద కోసం పోరాడి మరణించిన వీరునితో పాటు కోవివన్ అనే కుక్క బొమ్మ కూడ దాని మీద ఉన్నది. ఇద్దరు దొంగలను కరచి నిలిచినదని ఆ కుక్కను పేరుతో సహా శాసనం స్మరిస్తుంది. ఇటువంటిదే కన్నడ దేశంలో ఆతకూరు రాయి. క్రీ.శ. 949-50 నాటి ఆ శాసనం అడవిపందితో పోరాడి చనిపోయిన కాళి అనే వేటకుక్కను పేర్కొన్నది. పదునాలుగు వందల ఏండ్ల క్రిందటి కుక్క పేరు మనకు తెలుసు. నూటయేబది ఏండ్ల క్రిందటి మన ముత్తవ్వ పేరు మనలో ఎందరికి తెలుసు?

ఈ సంప్రదాయం తమిళులదే అనుకొనరాదు. రేనాటి చోళులు తెలుగులో శాసనాలు వేయించిన కాలం కూడ ఇంచుమించు ఇదే. మదనపల్లె పరిసరాలలో వైదుంబుల కాలపు వీరగల్లులు అనేకం దొరికాయి, సోరెమడి పోరులో మడిసినవారి రాళ్లు అందులో ఉన్నాయి. పల్నాటిలోని కారంపూడిలో నేటికీ కార్తీక మాసాంతాన వీరుల ఉత్సవం జరుగుతుంది. కొణతాలు అనే ఆయుధాలకు పూజ చేస్తారు. మాల కులస్థుడైన కన్నమదాసు ఆ వీరులలో అగ్రగణ్యుడు. చనిపోయినవారి ముందు కులం తల వంచిన సందర్భాలు మన చరిత్రలో బహు తక్కువ. కారంపూడి వాటిలో ఒకటి.

మన పల్లెలలో ఈ రాళ్లకు వేరొక జీవితం కూడ కలదు. లిపి చదువగలవారు లేకపోయినా, వేపచెట్టు క్రింద ఉన్న రాతికి పసుపు కుంకుమ పెట్టి వేడియప్పన్ అని కొలుస్తారు. పొంగలి పెడతారు, మ్రొక్కు చెల్లిస్తారు. వీరుని పేరు మరచి వీరుని మాత్రం దేవునిగా నిలుపుకొన్నారు. 1970 దశకంలో తమిళనాడు పురావస్తు శాఖ నాగస్వామిగారి ఆధ్వర్యంలో ఈ ప్రాంతపు రాళ్లను సేకరించి శాసనపాఠాలను ప్రకటించినది. 1972లో చెంగం రాళ్ల సంపుటం, 1975లో ధర్మపురి శాసనాల సంపుటం వెలువడ్డాయి. కొన్ని రాళ్లు ధర్మపురి పట్టణంలోని సంగ్రహాలయానికి చేరాయి. పొలంగట్ల మీద, చాకిరేవుల దగ్గర పడి ఉన్నవాటి సంగతి వేరు. పూజ అందుకొనే రాయి క్షేమంగా ఉంటుంది, పూజ లేని రాయి బట్టలుతుకు బండ అవుతుంది.

ఇంతవరకు చెప్పినది రాయి దక్కినవారిని గురించి. దక్కనివారిని గురించి కూడ చెప్పకపోతే ఈ వ్యాసం అసత్యమవుతుంది.

మొదట స్త్రీలు. భర్తతో పాటు చితి ఎక్కిన స్త్రీకి మాస్తికల్లు అని ఒక రాయి నిలిపేవారు. మహాసతి కల్లు అన్నమాట ఆ విధంగా మారినది. కన్నడ రచయిత మాస్తి వెంకటేశ అయ్యంగారి ఇంటిపేరైన మాస్తి గ్రామం హోసూరుకు దూరం కాదు, ఆ ఊరి పేరు కూడ ఈ మాట నుండి వచ్చినదేనంటారు. ఆ రాళ్ల మీద తరచు కనిపించేది గాజులతో పైకెత్తిన ఒక చేయి. అనేక రాళ్ల మీద ఆమె పేరు ఉండదు. ప్రాణం పోగొట్టుకొన్నందుకే స్త్రీకి రాయి దక్కినది, బ్రతికి కుటుంబాన్ని నిలిపిన స్త్రీకి అదీ లేదు. దీనిని మన పూర్వుల ఘనతగా చెప్పుకొనటం నాకు సమ్మతం కాదు.

తరువాత కరవులో పోయినవారు. 1876లో వానలు విఫలమై ధాత నామ సంవత్సరపు కరవు దక్షిణ దేశాన్ని కబళించినది. అప్పటికి ధర్మపురి సేలం జిల్లాలో భాగం. 1871 జనాభా లెక్కలలో ఆ జిల్లాలో 19,66,995 మంది ఉన్నారు. 1881 లెక్కలకు 15,99,595 మంది మిగిలారు. పదేండ్లలో పెరుగవలసిన జనం 3,67,400 మంది తగ్గారు. అందరూ చనిపోయినవారు కారు, కూలికై వలసపోయినవారూ అందులో ఉంటారు. అయినా ఆకలి, కలరా, మశూచి ఎంతమందిని తీసికొనిపోయాయో ఊహించుకొనవచ్చును. సర్ రిచర్డ్ టెంపుల్ 1877లో కరవు పనులలోని కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం చాలునని నిర్ణయించాడు. నేటి కొలతలో అది నాలుగువందల యాభై గ్రాములు. రాళ్లు కొట్టే మనిషికి అది చాలదని మదరాసు ప్రభుత్వపు ఆరోగ్యాధికారి డాక్టర్ కార్నిష్ గట్టిగా వాదించాడు. మంద కోసం మరణించిన ఒక సేవకునికి రాయి ఉన్నది. రాళ్లు కొడుతూ ఆకలితో మరణించిన వేలమందికి రాయి లేదు. 1883లో లెఫాను సంకలనం చేసిన సేలం జిల్లా మాన్యువల్ వంటి గ్రంథాలలో వారు అంకెలుగా మాత్రమే ఉన్నారు.

మొదటి ప్రపంచ యుద్ధం తరువాత మదరాసు రాజధానిలోని కొన్ని గ్రామాలలో ప్రభుత్వం చిన్న ఫలకాలు పెట్టించినది. ఈ గ్రామం నుండి 1914-1919 మధ్య ఇంతమంది యుద్ధానికి వెళ్లారు, వారిలో ఇంతమంది ప్రాణాలు అర్పించారు అని అంకెలు మాత్రమే ఉంటాయి. పేర్లు లేవు. మహేంద్రవర్మ కాలపు శిల్పి కుక్క పేరు కూడ చెక్కాడు. ఆంగ్ల సామ్రాజ్యం మనిషి పేరు వ్రాయలేదు.

ఇక మన సంగతి. ఈ సీమలోని తెలుగు కుటుంబాలకు శాసనాలు లేవు, వంశచరిత్రలు అరుదు. ఇంటిలో మాటలాడేది తెలుగే అయినా, భూమి పత్రాలు, గుర్తింపు కార్డులు తమిళంలోనో ఆంగ్లంలోనో ఉంటాయి. 2006లో తమిళ బోధన చట్టం వచ్చిన తరువాత పిల్లల తెలుగు చదువు మరింత కుంచించుకొనిపోయిన సంగతి తల్లిదండ్రులకు నేను చెప్పనక్కరలేదు. ఇటువంటి స్థితిలో తెలుగు బడిలోని ప్రవేశ పట్టిక విలువ వేరు. విద్యార్థి పేరు, తండ్రి పేరు, ఊరు, పుట్టిన తేదీ, మాతృభాష, చేరిన రోజు, విడిచిన రోజు అందులో ఉంటాయి. మన తాతల తరంలో ఎందరో సామాన్యుల పేర్లు ఎవరైనా ఒకసారి శ్రద్ధగా వ్రాసినది బహుశః ఆ పట్టికలోనే. పొలం పనికి పోవలసివచ్చి మూడవ తరగతిలోనే బడి మానిన పిల్లవాని పేరు కూడ అందులో ఉంటుంది. వీరుడు కావలసిన పని లేదు, బడిలో ఒక రోజు కూర్చుంటే చాలు. ఆ దృష్టితో చూస్తే వట్టెళుత్తు రాతి కంటె అది విశాలమైనది.

అయితే ఆ పట్టికలో మరణానికి గడి లేదు. విడిచిన తేదీతో వరుస ఆగిపోతుంది. ఆపైన ఆ మనిషి ఎక్కడికి పోయాడు, ఏం చేశాడు, ఎప్పుడు పోయాడు అనేవి ఇంటివారికి మాత్రమే తెలిసిన విషయాలు. అందుచేత పూర్వ విద్యార్థులకు, వారి కుటుంబాలకు నా మనవి ఒకటే. మీ ఇంట గతించిన పూర్వ విద్యార్థి పేరు, ఊరు, తండ్రి పేరుతో పాటు తల్లి పేరు కూడ, చేసిన వృత్తి, పోయిన సంవత్సరం ఒక కాగితం మీద వ్రాసి ప్రధానోపాధ్యాయులకు అందజేయండి. మీ పొలం దగ్గర బొమ్మ చెక్కిన రాయి ఉంటే దానిని కదల్పక, చాయాచిత్రం తీసి, స్థలం పేరు వెనుక వ్రాసి దానితో జతపరచండి. పట్టికలోని తొలి సంపుటాల కాగితం అంచులు ఇప్పటికే పొడి అవుతున్నాయి, కనుక 1950 దశకంలో చేరినవారి వివరాలు ముందుగా అందితే మేలు.