కుక్కల కోసం మూతపడ్డ బొంబాయి

1832 జూన్ 7న బొంబాయి కోటలో దుకాణాలు తెరుచుకోలేదు. కొలాబాలోని తెల్ల పటాలానికి రొట్టె, మాంసం, నీళ్లు అందలేదు. న్యాయమూర్తి బండి మీద చెత్త పడింది. ఇంత రభసా కుక్కల కోసం!

ఊరకుక్కలు పెరిగిపోయాయని, పిచ్చికుక్క కరిస్తే దిక్కులేదని కంపెనీ సర్కారు 1813 నుంచి ఏటా కొన్నాళ్లు వాటిని చంపిస్తూ వచ్చింది. చంపిన ఒక్కో కుక్కకు ఎనిమిది అణాలు. అప్పటి కూలివాడికి అది తక్కువ డబ్బేమీ కాదు. దాంతో వీధిదేదో ఇంటిదేదో చూడకుండా, గడపల దాకా వచ్చి పట్టుకుపోతున్నారన్న ఫిర్యాదులు మొదలయ్యాయి. 1832లో సర్కారు గడువును జూన్ 15 దాకా పొడిగించింది కూడా.

పార్సీలకు కుక్క కాపలా జంతువు మాత్రమే కాదు. మనిషి పోతే శవాన్ని కుక్క చూడాలి; ఆ తంతు పేరు సగ్‌దీద్. కళ్ల పైన రెండు మచ్చలున్న కుక్క అందుకు మరీ శ్రేష్ఠం. కుక్కకు పాడు తిండి పెట్టినవాడికి ఏ శిక్ష వేయాలో వారి మతగ్రంథం వెందిదాద్ చెబుతుంది. అలాంటివారి వీధుల్లోకి జూన్ 6న, అదీ వారి పర్వదినాన, కుక్కలను చంపేవాళ్లు దిగారు. జనం ఇద్దరు కానిస్టేబుళ్ల మీద పడ్డారు. మర్నాటికి హర్తాళ్. హిందువులు, జైనులు, ముస్లింలలో కొందరూ చేతులు కలిపారు. చివరికి పటాలం దిగి అరెస్టులు చేసింది.

గొడవ చల్లార్చింది మాత్రం వర్తక ప్రముఖులే. జంషెడ్‌జీ జీజీభాయ్ వంటివారు సర్కారుకు అర్జీ పెట్టారు: కుక్కలను చంపొద్దు, ఊరి బయటికి తరలించండి. వ్యాపారులతో వైరం కంపెనీకీ గిట్టుబాటు కాదు. 1834లో జీజీభాయ్ జైన వర్తకులతో కలిసి భులేశ్వర్‌లో పింజ్రాపోల్ అనే జంతువుల ఆశ్రయం పెట్టించారు.

ఇప్పుడు కుక్కల తగవు అపార్ట్‌మెంట్లలోనూ ఉంది. కుక్క మొరుగుతోందన్న సాకుతో నివాసుల సంఘాలు పెంపకాన్ని నిషేధించలేవని జంతు సంక్షేమ బోర్డు 2015లో చెప్పింది. వీధికుక్కల సంగతి అంత సులువుగా తేలలేదు. బొంబాయి పార్సీలు కోరి తెచ్చుకున్న తరలింపే 2025 ఆగస్టులో ఢిల్లీలో నిరసనలకు కారణమైంది. వీధికుక్కలన్నిటినీ షెల్టర్లకు చేర్చాలన్న 11వ తేదీ ఆదేశాన్ని సుప్రీంకోర్టు 22న సవరించింది: రేబిస్ ఉన్నవి, మీదపడి కరిచేవి తప్ప మిగతావాటికి ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టుకొచ్చిన వీధిలోనే వదలాలంది.