బొమ్మ కింద రాసిన మాట

మణుగూరులో ఆదివారమంటే నాకు గోదావరి గట్టే. వారమంతా బొగ్గు లారీల చప్పుడుకు అలవాటుపడిన చెవులు ఆ ఒక్కపూట తీతువు అరుపుకోసం ఎదురుచూస్తాయి. మెడలో కెమెరా, సంచిలో నీళ్ల సీసా, నాలుగు పూరీలు. ఫలానా చోటికి వెళ్లాలనే నియమం లేదు. ఒక వారం ఇసుకతిన్నెల మీద నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకోవడం చూస్తూ కూర్చుంటాను. మరో వారం కిన్నెరసాని జలాశయం దాకా పోయి, ఒడ్డున నోరు తెరుచుకు పడుకున్న మొసలికోసం వెతుకుతాను. ఇంకోవారం పినపాక వైపు, జానంపేట దగ్గరి రాకాసి గుళ్లకు.

రాకాసి గుళ్లంటే తెలియనివారికి రెండు మాటలు. నాలుగువైపులా నిలబెట్టిన బండపలకలు, వాటిమీద కప్పుగా ఒక పెద్ద బండ, చుట్టూ వలయంగా పేర్చిన రాళ్లు. కొన్నింటి లోపల ఒకే రాతిని తొలిచి చేసిన తొట్టి ఉంటుంది. ఇవి గుళ్లు కావు, సమాధులు. ఇనుము వాడకం నేర్చిన కాలపు మనుషులు, క్రీస్తుకు పూర్వం మొదటి సహస్రాబ్దిలో, తమవారికోసం కట్టుకున్నవి. ఇంతింత బండలు మామూలు మనుషులు ఎత్తలేరు కనుక రాక్షసులే ఎత్తి ఉంటారని తరవాతివారు అనుకున్నారు. పేరు అలా నిలిచిపోయింది.

ఈ ప్రాంతపు రాళ్లను కెమెరాకెక్కించిన తొలివారిలో ఒకాయన పేరు ముల్‌హెరాన్. త్రికోణమితి సర్వేలో ఉద్యోగి. పని మీద గోదావరి కుడిగట్టు అడవుల్లో తిరుగుతూ మంగపేట, మల్లూరు, కాటాపురం పరిసరాల్లో ఈ సమాధులను, వాటితోపాటు మరో వింతను చూశాడు. ఒకే రాతిలో చెక్కి నిలబెట్టిన, అచ్చంగా శిలువల్లా కనిపించే నిలువురాళ్లవి. ఆయన రాసిన వివరాలు 1868లో బెంగాల్ ఆసియాటిక్ సొసైటీ ప్రచురణలో వచ్చాయి.

ఆ రోజుల్లో బొమ్మ తీయడమంటే ఏమిటో ఒక్కసారి ఊహించండి. గాజుపలక మీద కొలోడియన్ అనే జిగురు పూసి, వెండి ద్రావణంలో ముంచి, తడి ఆరకముందే కెమెరాలో పెట్టి, వెంటనే చీకటి గుడారంలోకి పరుగెత్తి కడగాలి. ఆలస్యమైతే పలక ఎండిపోతుంది, బొమ్మ పోతుంది. సీసాలు, పలకలు, గుడారం మోయడానికి బళ్లో కూలీలో కావాలి. నేను ఒక ఉదయాన లకుముకి పిట్టను నూరుసార్లు క్లిక్కుమనిపించి, తొంభైతొమ్మిది చెరిపేసి, ఇడ్లీల వేళకు ఇల్లు చేరతాను. ఆ కాలపు కెమెరాకు లకుముకి అసలు దొరికేది కాదు. కదలనిదే దానికి బొమ్మ. అందుకే మన అడవుల తొలి ఛాయాచిత్రాల్లో జంతువు కనిపిస్తే అది చాలావరకు వేటగాడి కాళ్ల దగ్గర చచ్చి పడి ఉన్నదే. రాళ్లు మాత్రం ఎంతసేపైనా ఓపికగా నిలబడ్డాయి.

అంత కష్టపడి తీసిన బొమ్మలు ఎవరి చేతికి చేరాయో చూడండి. జేమ్స్ ఫెర్గూసన్ కలకత్తాలో నీలిమందు వ్యాపారంతో మొదలుపెట్టి, భారతీయ వాస్తు చరిత్రకు పెద్ద పేరుగా మారినవాడు. లండనులో కూర్చుని ఎక్కడెక్కడి కట్టడాల ఛాయాచిత్రాలనో పోగుచేసి, పోల్చి చరిత్ర రాసిన పండితుడు. 1872లో ఆయన ‘రూడ్ స్టోన్ మాన్యుమెంట్స్’ అనే గ్రంథం వెలువరించాడు. లోకంలోని ముడిరాతి కట్టడాలన్నీ అందరూ అనుకుంటున్నంత పాతవి కావని, రోమను సామ్రాజ్యం తరవాతి కాలానివని ఆ గ్రంథంలో ఆయన వాదన. ఆ వాదనకు మన కాటాపురం బొమ్మ వరంలా దొరికింది. సమాధుల పక్కనే శిలువ ఉంది కాబట్టి ఇక్కడ ఒకప్పుడు క్రైస్తవులు ఉండి ఉండాలి, సమాధులు వారి కాలానివే అయి ఉండాలి అని తేల్చాడు.

బొమ్మలో అబద్ధం లేదు. ఆ రాళ్లు నిజంగానే అలా ఉన్నాయి. అబద్ధం బొమ్మకూ మాటకూ మధ్య సందులోంచి దూరింది. తరవాతి పరిశోధకులు ఆ నిలువురాళ్లలో శిలువను కాక మనిషిని చూశారు. పైన తల, అటూ ఇటూ చాచిన భుజాలు, కింద ఒళ్లు. గుండాల మండలం దొంగతోగు దగ్గరి నిలువురాళ్లలో స్త్రీమూర్తులు కూడా ఉండటంతో ఇక సందేహానికి చోటు లేకపోయింది. చనిపోయినవారి పక్కన నిలబెట్టిన మనుషుల ఆకారాలవి. శిలువను ఎరిగిన కళ్లకు అక్కడ శిలువే కనిపించింది. రాక్షసుల కథలు విన్న మనకేమో రాక్షసులు కనిపించారు.

ఫెర్గూసన్‌ను చూసి నవ్వుకుందామంటే నాకు నోరు రాదు. ఎందుకో చెబుతాను.

చాలా ఏళ్ల కిందట ఇటువైపు అడవంచు పల్లె ఒకదాని దగ్గర ఒక రాకాసి గుడి కప్పుబండను ఫొటో తీశాను. బండ అంచున వరసగా నున్నటి గాడులు, సాయంకాలపు ఏటవాలు వెలుగులో గీసినట్టు కనిపించాయి. ఇంటికొచ్చి ఆ బొమ్మ కింద ‘ఆదిమానవుని రేఖాచిత్రాలు’ అని రాసుకుని, నలుగురికీ పంపి మురిసిపోయాను. మరుసటి చలికాలం మళ్లీ అక్కడికి వెళ్లినప్పుడు, మేకలు తోలుకుపోతున్న ఒక కోయ పెద్దాయనకు అదే బొమ్మ చూపించి, “తాతా, ఈ గీతలు ఎవరు గీశారో మీవాళ్లేమైనా చెప్పుకుంటారా?” అని అడిగాను. ఆయన బొమ్మ వంక, నా వంక చూసి, “అయి గీతలు కావు సారూ. మా అయ్య కాలం నుంచి గొడ్డళ్లు నూరుకునేది ఆ బండ మీదనే. నేను నూరినయి కూడా ఉన్నయి” అని వేలుపెట్టి చూపించాడు.

సిగ్గుపడ్డాను. కానీ ఇంటికి నడుస్తూ ఆలోచిస్తే, నేను రాసిన మాటకన్నా ఆయన చెప్పిన మాటే పెద్ద చరిత్ర అనిపించింది. రెండున్నర వేల ఏళ్లనాటి సమాధి మీద ఒక ఊరు తరాలపాటు గొడ్డళ్లు నూరుకుంది. బండకు ఏమీ కాలేదు. నా బొమ్మలో ఆ రెండు కాలాలూ ఉన్నాయి. ఒకదాన్ని నేను చెరిపేయబోయాను.

రాళ్ల సంగతి అలా ఉంచితే, జంతువుల పేర్లలోనూ ఇదే తంతు. భద్రాచలం దిగువన పాపికొండలను ఇంగ్లీషువారు ‘బైసన్ హిల్స్’ అన్నారు, అక్కడి అడవిదున్నల వల్ల. ఆస్ట్రియాలో పుట్టిన హైమెండార్ఫ్ రెండో ప్రపంచయుద్ధ కాలంలో శత్రుదేశపు పౌరుడిగా హైదరాబాదు రాజ్యం దాటకుండా ఉండవలసివచ్చి, ఆ నిర్బంధాన్నే పరిశోధనగా మార్చుకున్నాడు. కొండరెడ్ల మధ్య మసలి, వారి బొమ్మలు తీసి, 1945లో ‘ది రెడ్డిస్ ఆఫ్ ది బైసన్ హిల్స్’ ప్రచురించాడు. కలప గుత్తేదారుల అప్పుల్లో కొండరెడ్లు ఎలా చిక్కుకున్నారో అందులో నమోదు చేశాడు. అంత జాగ్రత్తగల మనిషి పుస్తకానికి కూడా పేరు మాత్రం వేటగాళ్లు పెట్టినదే. ఎందుకంటే మన అడవిలో బైసన్ లేదు. ఉన్నది శాస్త్రజ్ఞులు బాస్ గౌరస్ అనే జంతువు, ఎద్దుల జాతిది. ఆ లెక్కన మన ‘దున్న’ కూడా తప్పే. నిజమైన అడవి ఎనుము వేరే జాతి. పాపికొండల్లో ఒక సాయంత్రం నాకు దొరికింది మసకగా కదిలిన నల్లటి వీపు, మేజోళ్లు తొడుక్కున్నట్టున్న నాలుగు తెల్లటి కాళ్లు. దానికి పేరు పెట్టబోయి కలం ఆపేశాను.

ఇప్పుడు ఈ సంగతంతా ఎందుకు గుర్తొచ్చిందంటే, ఆ గాడుల బండ ఇక లేదు. గుప్తనిధుల పిచ్చివాళ్లెవరో ఒకరాత్రి కప్పును పగలగొట్టి, లోపల తవ్విపోయారు. తెలుగునాట ఇటువంటి సమాధుల్లో దొరికేవి కుండలు, ఇనుప పనిముట్లు, ఎముకలు. వారికి దొరికిందేమిటో నాకు తెలియదుగానీ, మనం పోగొట్టుకున్నదేమిటో తెలుసు. ఆ గాడులకు ఇక మిగిలిన సాక్ష్యం నా బొమ్మ ఒక్కటే. దాని కిందనేమో నా తప్పుమాట!

నదీ అంతే, ఎవరికోసమూ ఆగదు. 2022 జూలై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. 1986లో 75.6 అడుగులు వచ్చిన వరద తరవాత అంత నీరు రావడం అదే. నేను పిట్టల్ని చూస్తూ కూర్చునే ఇసుకతిన్నె ఆ ఏడాది తరవాత ఆ ఆకారంలో లేదు. అక్కడ తీసిన పాత బొమ్మల వెనక తేదీ రాసి ఉండకపోతే, వాటిని చూసి ఇది ఏ ఊరి రేవో నేనే చెప్పలేకపోయేవాణ్ణి.

కనుక మీలో కెమెరా పట్టుకుని తీరిగ్గా తిరిగే అలవాటున్నవారికి ఒక్క మనవి. తేదీ రాయండి, ఊరు రాయండి, బొమ్మలో కంటికి కనిపించేది రాయండి. మీకు అనిపించినది రాయాలంటే ‘నాకు ఇలా అనిపించింది’ అని రాయండి. ఆ పక్కనే మేకలు కాసుకునే మనిషి ఏమన్నాడో అది తప్పక రాయండి.

నా పాత మాటను చెరిపేయలేదు, ఒక గీత కొట్టి ఉంచాను. దాని కింద ఇప్పుడు ఇలా ఉంది: ‘రాకాసి గుడి కప్పుబండ. అంచున గొడ్డళ్లు నూరిన గాడులు. నూరినవారిలో ఒకరు స్వయంగా చూపించారు.’