కాన్‌కూన్ విహారయాత్ర

కాన్‌కూన్ మెక్సికో దేశములో, యుకటాన్ ద్వీపకల్పపు ఈశాన్యపు కొసన, కరీబియన్ సముద్రతీరమున ఉన్న నగరము. క్వింటానా రూ రాష్ట్రములో ఇదే పెద్ద నగరము. 2020 జనాభా లెక్కల ప్రకారం ఇక్కడి జనసంఖ్య సుమారు 8.9 లక్షలు. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు శీతాకాలపు సెలవులలో వెళ్ళే విదేశీ తీరాలలో ఇది ఒకటి. మాయా భాషలో ఈ పేరుకు "పాముల గూడు" అని అర్థం చెబుతారు.

నగర నిర్మాణం

ఇది తనంత తానుగా పెరిగిన ఊరు కాదు. 1970లో పనులు మొదలయ్యేనాటికి ఇక్కడ ఉన్నది సన్నని ఇసుకదిబ్బ, కొబ్బరిచెట్లు, సమీపాన కొద్దిమంది బెస్తవారు మాత్రమే. విదేశీ మారకద్రవ్యం సంపాదించుటకై మెక్సికో కేంద్రబ్యాంకు నిపుణులు ఈ స్థలాన్ని ఎంపిక చేయగా, ఇంటర్ అమెరికన్ అభివృద్ధి బ్యాంకు ఋణసహాయంతో ప్రభుత్వం నగరాన్ని నిర్మించినది. మొదటి హోటళ్ళు 1974లో తెరచుకొన్నవి.

హోటళ్ళున్న దిబ్బ 7 అంకె ఆకారములో సుమారు 23 కిలోమీటర్ల పొడవున ఉంటుంది. దానికి ఒక ప్రక్క సముద్రము, మరొక ప్రక్క నిచుప్తే ఉప్పునీటి సరస్సు. ఈ సరస్సులో మొసళ్ళు ఉన్నవి కనుక అందులో ఈదరాదు. స్థానికులు నివసించే అసలు ఊరు ప్రధాన భూభాగముపై ఉన్నది. అక్కడ బస, భోజనము చౌక. దిబ్బపై చిరునామాలను కిలోమీటరు రాళ్ళనుబట్టి చెబుతారు. బస ఎంచుకొనేటప్పుడు ఈ సంఖ్య చూడటం చాలా ముఖ్యము.

ఏ తీరము

7 అంకెలోని పై గీత, అనగా ఉత్తరపు తీరము, ఇస్లా ముహేరెస్ ద్వీపము అడ్డుగా ఉండుటచే ప్రశాంతంగా ఉంటుంది. పిల్లలతోను, ఈతరాని పెద్దలతోను వెళ్ళేవారికి లాంగోస్తా, తోర్తుగాస్ వంటి ఈ ప్రక్క తీరాలే తగినవి. నిలువు గీత వెంబడి ఉన్న తూర్పు తీరము నేరుగా సముద్రానికి ఎదురుగా ఉన్నది. ప్రకటనలలో కనిపించే నీలి అందము ఎక్కువగా ఇక్కడిదే. కాని అలల క్రింద నీరు మనిషిని లోనికి లాగుతుంది. తీరమున ఎగురవేసే జెండాలలో ఆకుపచ్చ క్షేమమును, పసుపు జాగ్రత్తను, ఎరుపు ప్రమాదమును సూచిస్తాయి. నల్లజెండా ఉంటే నీటిలో దిగుట నిషిద్ధము. నీరు నిర్మలంగా ఉన్నది కదా అని జెండాను లెక్కచేయకపోవడం ప్రాణాంతకం.

మెక్సికోలో సముద్రతీరములు ప్రజల ఆస్తి. కుర్చీలు, గొడుగులు హోటలువారివి కావచ్చును గాని ఇసుక వారిది కాదు.

ఏ కాలము

డిసెంబరునుండి ఏప్రిల్ వరకు వర్షాలు తక్కువ, ధరలు ఎక్కువ. మార్చిలో అమెరికా కళాశాల విద్యార్థుల రద్దీ ఉండుటవలన కుటుంబాలు ఆ వారాలను తప్పించుట మేలు. జూన్‌నుండి నవంబరు వరకు తుఫానుల కాలము. 1988లో గిల్బర్ట్, 2005 అక్టోబరులో విల్మా ఈ నగరాన్ని తీవ్రంగా దెబ్బతీసినవి. విల్మా ఒక రోజుకు పైగా ఇక్కడే తిష్ఠ వేయగా, ఇస్లా ముహేరెస్‌లో 24 గంటలలో 1,600 మిల్లీమీటర్లకు పైగా వర్షం కురిసినది. తీరములోని ఇసుక కొట్టుకొనిపోగా, సముద్రగర్భమునుండి తోడి తిరిగి పోయవలసి వచ్చినది. కనుక సెప్టెంబరు, అక్టోబరులలో చౌక ధరకు ఆశపడేవారు డబ్బు తిరిగివచ్చే టికెట్టుగాని, ప్రయాణ బీమాగాని తీసుకొనవలెను.

2015 ప్రాంతమునుండి మరొక సమస్య పెరిగినది. వసంతము, వేసవి నెలలలో సర్గాసమ్ అనే గోధుమరంగు సముద్రపు నాచు ఒడ్డుకు కొట్టుకొనివచ్చి, కుళ్ళి దుర్వాసన కొడుతుంది. దీని తాకిడి తూర్పు తీరమునకే ఎక్కువ.

వీసా

భారతీయ పాస్‌పోర్టు గలవారికి మెక్సికో వీసా కావలెను. అయితే చెల్లుబాటులో ఉన్న అమెరికా, కెనడా, బ్రిటన్, జపాన్ లేదా షెంగెన్ వీసా ఉన్నవారికి విహారయాత్రకు వేరే వీసా అక్కరలేదు. అమెరికాలో ఉద్యోగం చేసేవారు పొరబడేది ఇక్కడే: ఉద్యోగానుమతి పత్రానికి గడువు ఉన్నా, పాస్‌పోర్టులోని వీసా ముద్ర గడువు తీరిపోయి ఉండవచ్చును. అటువంటివారికి ఈ మినహాయింపు వర్తించదు. భారతదేశమునుండి అమెరికా విమానాశ్రయం మీదుగా వచ్చేవారికి, విమానం మారడానికి మాత్రమే అయినా, అమెరికా వీసా తప్పనిసరి. నిబంధనలు మారుతుంటాయి కనుక టికెట్టు కొనకముందే మెక్సికో కాన్సులేటులో విచారించుకొనుట ఉత్తమము.

ఆహారము, సందర్శనలు

కుళాయి నీరు త్రాగరాదు. మొక్కజొన్న రొట్టె అయిన తోర్తియా మనవారికి సులభంగా అలవాటవుతుంది. ఉడికించిన చిక్కుడుగింజలలో తరచుగా పందికొవ్వు కలుపుతారు కనుక శాకాహారులు అడిగి తెలుసుకొనవలెను. ఇక్కడి అబనేరో మిరప గుంటూరు కారానికి అలవాటుపడినవారినికూడ కంట నీరు పెట్టించగలదు.

ఇస్లా ముహేరెస్‌కు పడవలో సుమారు 20 నిమిషాలు. మాయా శిథిలాలు గల తులుమ్ సుమారు 130 కిలోమీటర్లు, చిచెన్ ఇట్జా సుమారు 200 కిలోమీటర్ల దూరములో ఉన్నవి. చిచెన్ ఇట్జా యుకటాన్ రాష్ట్రములో ఉండుటచే అక్కడి గడియారము కాన్‌కూన్ కంటె ఒక గంట వెనుక ఉంటుంది. తెల్లవారుజామున బయలుదేరితే జనసమ్మర్దానికి, ఎండకు ముందే చేరవచ్చును. అంత దూరము వెళ్ళలేనివారికి హోటళ్ళ మధ్యనే ఎల్ రే శిథిలాలున్నవి. గోపురాలు చిన్నవి, ఉడుములు మాత్రం పెద్దవి.