తెరమీది యాస: పరిహాసం ఎప్పుడు తేలికవుతుంది?

ఒక జాతి మీదనో ప్రాంతం మీదనో సరదాగా వేసే జోకు ఈనాడు చెల్లుతుందా? మనసులో ద్వేషం లేకపోతే తప్పులేదని కొందరంటారు. ఆ జాతివాళ్లే వేసుకోవచ్చు, పరాయివాళ్లు వేయకూడదని మరికొందరు. తెలుగు సినిమాలో తెలంగాణ యాస నడిచిన దారి చూస్తే ఈ రెండు కొలతలూ చాలవనిపిస్తుంది.

దశాబ్దాలపాటు మన సినిమాల్లో నాయకుడూ నాయికా మాట్లాడింది కోస్తా చదువరుల తెలుగు. ‘గిట్ల’, ‘గట్ల’ అనే నోరు ఎక్కువగా రౌడీకో హాస్యగాడికో దక్కింది. శ్రీకాకుళం మాటకూ చాలాకాలం అదే గతి. ‘ప్రతిఘటన’ (1985)లో దుర్మార్గుడైన కాశయ్య చేత తెలంగాణ యాస పలికించారు. కృష్ణా జిల్లాకు చెందిన కోట శ్రీనివాసరావు ఆ పాత్రకు ప్రాణం పోశారు. ఆ నటనలో నాకు లోపం కనబడదు. నా ఆక్షేపణ పాత్రల పంపకం మీద. ఏ ఒక్క సన్నివేశాన్ని విడిగా తీసినా అందులో ద్వేషం దొరకకపోవచ్చు. కానీ ఇంట్లో అమ్మ మాట్లాడే మాట తెరమీద వినబడిన ప్రతిసారీ హాలంతా నవ్వుతుంటే, ఆ మాటను బడిలో దాచుకోవాలని పిల్లలకు ఎవరూ ప్రత్యేకంగా నేర్పనక్కర్లేదు. కవి కాళోజీ పుట్టినరోజైన సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకోవడం వెనుక ఈ గాయం కూడా ఉంది.

‘ఫిదా’ (2017)లో బాన్సువాడ పిల్ల భానుమతి ఆ యాసతోనే నాయిక అయింది. ఆ గొంతు తమిళనాడుకు చెందిన సాయిపల్లవిది. కోట బయటివారే, ఆమె కూడా బయటివారే. మారింది కథలో ఆ మాటకు దొరికిన చోటు. ‘జాతిరత్నాలు’ (2021)లో జోగిపేట కుర్రాళ్లను చూసి కడుపుబ్బ నవ్వాం. నవ్వు తెప్పించింది వాళ్ల తెలివితక్కువ పనులు, యాస కాదు. ‘బలగం’ (2023)లో అదే యాసకు జనం ఏడ్చారు. ప్రేమా చావూ కూడా పలకగలిగిన మాట మీద జోకు వేస్తే అది నిజంగా తేలికే.

అయితే సిక్కుల మీద వేసే సర్దార్జీ జోకులు ఈ వాదాన్ని ఇబ్బంది పెడతాయి. సిక్కు రచయిత ఖుష్వంత్ సింగ్ స్వయంగా వాటిని పుస్తకాల్లో అచ్చువేశారు. మన్మోహన్ సింగ్ 2004 నుంచి 2014 దాకా ప్రధానిగా ఉన్నారు. సిక్కులకు దేశంలో గౌరవమైన రూపాలకు కొదవలేదు. అయినా ఆ జోకులను నిషేధించాలని ఒక సిక్కు మహిళా న్యాయవాది 2015లో సుప్రీంకోర్టు మెట్లెక్కారు. పౌరుల నడతకు తాము మార్గదర్శకాలు రాయలేమని 2017లో కోర్టు చెప్పింది. చట్టం చేయగల పని కాదన్నది నాకూ సమ్మతమే. కానీ ఆమె బాధ నిజం. ఢిల్లీలో సిక్కు ప్రధాని ఉన్నంత మాత్రాన, ఏ ఊళ్లోనో తరగతిలో ఒంటరిగా తలపాగాతో కూర్చున్న పిల్లవాడికి ఆసరా దొరకదు. సిక్కుల గురించి ఆ గదికి తెలిసింది ఆ జోకు ఒక్కటే.