ఇంటి పనిగది

ఉద్యోగ, వృత్తి పనుల కోసం ఇంట్లో ప్రత్యేకించిన గది లేదా చోటు. ఇల్లే పనిచోటు కావడం తెలుగు నేలకు కొత్త కాదు. చేనేత ఇళ్లలో గుంట మగ్గానికి విడిగా చోటుంటుంది. నేతగాడు నేలమట్టాన కూర్చొని, గుంటలోకి కాళ్లు దించి, తొక్కుడు చెక్కలు ఆడిస్తూ నేస్తాడు.

2020 మార్చి 25న దేశవ్యాప్త లాక్‌డౌన్ మొదలయ్యాక హైదరాబాద్‌లో ఎందరో ఐటీ ఉద్యోగులకు పడకగది, భోజనాల బల్ల ఆఫీసులయ్యాయి. ఇంట్లో పనిగది లేని లోటు అప్పుడు స్పష్టంగా తెలిసింది.

రూపకల్పన: జాతీయ భవన నిర్మాణ నియమావళి ప్రకారం రెండు గదుల ఇంట్లో రెండో గది కనీసం 7.5 చదరపు మీటర్ల విస్తీర్ణం, 2.1 మీటర్ల వెడల్పు ఉండాలి. ఒకరి పనికి ఈ కొలత చాలు. బల్ల ఎత్తు సుమారు 75 సెంటీమీటర్లు ఉంటుంది. కిటికీ బల్లకు పక్కవైపు ఉంటే కంప్యూటర్ తెర మీద వెలుగు పడి మెరవదు, కళ్లకు శ్రమ తగ్గుతుంది. గది వంటింటికి, టీవీ ఉన్న హాలుకు దూరంగా ఉండాలి. కరెంటు పోయినా పని ఆగకుండా ప్లగ్ పాయింట్లను ఇన్వర్టర్ లైనుకు కలపాలి.

కట్టిన తర్వాత గోడలు మార్చడం ఖర్చుతో కూడిన పని కనుక, ప్లాను గీసేటప్పుడే ఈ గదికి చోటు కేటాయించడం ఉత్తమం.