"నాకు జబ్బు లేదు" అని పేషెంటే అంటే? డాక్టర్ సుధాకర్ కేసు

ఆయ్, మాది ఓడలరేవేనండి, వైనతేయ గోదారి సముద్రంలో కలిసే చోటు. మా ఊళ్లో ఎవరైనా కాస్త తేడాగా మాట్లాడితే ముందు గాలి సోకిందంటారు. తర్వాత వైజాగ్ తీసుకెళ్లమంటారు. వైజాగ్ అంటే చినవాల్తేరు మెంటల్ హాస్పిటల్ అని అర్థం. మా చిన్నాన్న మూడేళ్లుగా టాబ్లెట్లు వేసుకుంటున్నాడు. చేతులు వణుకుతున్నాయి. మొన్న నన్నడిగాడు, "ఒరేయ్, ఇంతకీ నా జబ్బు పేరేంట్రా?" అని. ఇంట్లో ఒక్కరికీ తెలీదు.

అప్పుడు నాకు గుర్తొచ్చింది డాక్టర్ సుధాకర్. నర్సీపట్నం ఏరియా ఆసుపత్రిలో మత్తు డాక్టరు. 2020 ఏప్రిల్‌లో, కరోనా మొదట్లో, ఒకే మాస్క్‌ని 15 రోజులు వాడమంటున్నారని కెమెరా ముందు చెప్పారు. సస్పెండ్ అయ్యారు. మే 16న విశాఖ హైవే మీద చొక్కా లేకుండా, చేతులు వెనక్కి కట్టేసి ఉన్న ఆయన వీడియో మీలో చాలామంది చూసే ఉంటారు. తాగి గొడవ చేశాడని పోలీసులు అన్నారు. లాఠీతో కొట్టిన కానిస్టేబుల్‌ని సస్పెండ్ చేశారు. కేజీహెచ్‌లో 'అక్యూట్ అండ్ ట్రాన్సియెంట్ సైకోసిస్' అని రాశారు, అక్కణ్ణించి చినవాల్తేరు.

అసలు విషయం ఇక్కడుంది. లోపలున్న పేషెంటు కూడా డాక్టరే. ఇస్తున్న మందులేంటో చదివి అర్థం చేసుకోగలడు. తనకు జబ్బు లేదని, ఆ మందుల వల్ల సైడ్ ఎఫెక్ట్స్ వస్తున్నాయని సూపరింటెండెంట్‌కి లేఖ రాశారు. మే 22న హైకోర్టు సీబీఐ విచారణకు ఆదేశించింది. తర్వాత వాళ్లమ్మగారు హెబియస్ కార్పస్ వేశారు. జూన్‌లో ఆయన బయటికొచ్చారు. 2021 మేలో గుండెపోటుతో చనిపోయారు.

ఆయనకు జబ్బుందా లేదా అని ఫోన్‌లో వీడియో చూసి నేను తేల్చను. కామెంట్లలో తేల్చేసినవాళ్లు రెండు వైపులా ఉన్నారు, అది వేరే సంగతి. నన్ను పట్టుకున్నది ఒక్కటే: "నాకు జబ్బు లేదు" అన్న మాటే జబ్బుకి లక్షణంగా లెక్కేస్తే, ఆ మనిషి ఇంకేం చెప్పాలి? ఇది మన దగ్గరే పుట్టింది కాదు. 1970లో సోవియట్ శాస్త్రవేత్త జోరెస్ మెద్వెదేవ్‌ని కలూగాలో పిచ్చాసుపత్రిలో పెట్టారు. ఆయన తమ్ముడు... కాదు, కవల సోదరుడు రోయ్, సఖరోవ్ లాంటివాళ్లు గొడవ చేస్తే 19 రోజులకి వదిలారు.

మనకైతే 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఉంది, 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. సెక్షన్ 3 ఏమంటుందంటే, సమాజం విలువలకో రాజకీయ విలువలకో ఎదురెళ్లాడని ఎవరికీ మానసిక జబ్బు అంటగట్టకూడదు. సెక్షన్ 22 ఇంకా బాగుంటుంది. జబ్బేంటి, మందేంటి, దాని సైడ్ ఎఫెక్ట్స్ ఏంటి అన్నది పేషెంటుకి అర్థమయ్యే భాషలో చెప్పాలి. అది హక్కు. డాక్టరుగారి దయ కాదు.

ఇది విని ఇవాళ రాత్రి టాబ్లెట్ పారేసేరు, వద్దు. ఈ మందులు ఒక్కసారిగా ఆపితే జబ్బు తిరగబెట్టొచ్చు, ప్రాణం మీదకీ రావొచ్చు. చిన్నాన్న కూడా అదే అడిగాడు, "మానెయ్యనా?" అని. వద్దన్నాను. ఆ చీటీలన్నీ తేదీల వారీగా కవర్లో పెట్టాం. వణుకు ఎప్పుడు మొదలైందో పిన్ని క్యాలెండర్ చూసి చెప్పింది. సోమవారం పొద్దున్నే బస్సు.