కొల్లూరు వజ్రములు: అందము, అర్థము

ముదినేపల్లి పొలములలో నాగలికి రాయి తగలదు. నదులు వేల సంవత్సరములుగా తెచ్చి పోసిన ఒండ్రుమట్టియే అక్కడి నేల. ఇంటి పునాదికి రాయి కావలసినను మెట్టసీమ నుండి తెప్పించుకొనవలసినదే. అట్టి చోట కూడ పిల్ల పెండ్లికి రవ్వల దుద్దులో, కెంపుల బేసరియో పెట్టవలెనని తల్లులు తహతహలాడుదురు. రాయి పుట్టని సీమలో రాతికి ఇంతటి గౌరవము ఎట్లు కలిగినది?

ముదినేపల్లికి వాయవ్యముగా నూజివీడు మెట్టలున్నవి. ఆ వైపుననే ఉన్న మల్లవల్లి వజ్రపు గనులను బెంజమిన్ హైన్ అను వైద్యుడు 1814లో ప్రచురించిన గ్రంథమున వర్ణించెను. ఇంకను పైకి, కృష్ణ ఒడ్డున, గోల్కొండ రాజ్యములో మిక్కిలి పేరుపొందిన కొల్లూరు గని ఉండెను. ముదినేపల్లికి దక్షిణమున మచిలీపట్నపు రేవు కలదు. 17వ శతాబ్దిలో ఆ రేవున ఇంగ్లీషు కంపెనీ వర్తకుడుగా ఉండిన విలియం మెత్‌వోల్డ్ వజ్రపు గనిని స్వయముగా చూచి వచ్చి, అక్కడ ముప్పదివేలమంది పనిచేయుచున్నారని వ్రాసెను. ఆ వ్రాత 1626లో అచ్చయినది. అనగా డెల్టా ప్రజలకు వజ్రము దూరదేశపు వస్తువు కాదు. తమ పొరుగున పుట్టి, తమ రేవునకు చేరిన సరకు.

రత్నములకు మన పెద్దలు అర్థములు కల్పించిరి. కెంపు సూర్యునిది, ముత్యము చంద్రునిది, పగడము కుజునిది, పచ్చ బుధునిది, పుష్యరాగము గురునిది, వజ్రము శుక్రునిది, నీలము శనిది. గోమేధికము, వైడూర్యము రాహుకేతువులవి. రసాయనశాస్త్రము ఈ బంధుత్వములను వేరుగా చూపును. కెంపు, నీలము ఒకే ఖనిజము; కొద్దిపాటి క్రోమియం చేరిన ఎరుపు, ఇనుము, టైటానియం చేరిన నీలిమ. సూర్యునికి, శనికి పంచియిచ్చిన రాళ్లు నిజమునకు అన్నదమ్ములే! ముత్యము, పగడము రెండును సముద్రజీవులు నిర్మించిన సున్నపు పదార్థములు.

6వ శతాబ్దివాడైన వరాహమిహిరుడు బృహత్సంహితలో మంచి వజ్రమునకు లక్షణములు చెప్పెను. ఏ వస్తువు చేతను భేదింపబడనిది, నీటిలో తేలునది, కిరణములు వెదజల్లునది ఉత్తమమని అతని మాట. మొదటి లక్షణము, చివరి లక్షణము పరిశీలన వలన తెలిసినవి. నడిమిది మాత్రము కోరిక వలన పుట్టినది. వజ్రము నీటికంటె మూడున్నర రెట్లు బరువైనది, తేలుట అసంభవము. ఒకే వాక్యములో పరీక్ష, ఊహ ప్రక్కప్రక్కన నిలిచినవి. రత్నముల చరిత్ర అంతయు ఇట్టిదే.

వజ్రము శుద్ధమైన కర్బనము. పొయ్యిలోని బొగ్గును అదే. భూగర్భమున 150 కిలోమీటర్లకు పైబడిన లోతులో, అధికమైన ఒత్తిడికి, వేడిమికి లోనై కర్బన పరమాణువులు నాలుగు దిక్కుల గట్టిగా పెనవేసుకొనుటయే దాని కాఠిన్యమునకు కారణము. లోన ప్రవేశించిన వెలుగును అది మిక్కిలిగా వంచును. దాని వక్రీభవన గుణకము 2.42. పలకలు తగిన కోణములలో సానపట్టినచో ఆ వెలుగు అడుగు నుండి జారిపోక, రంగులుగా విడివడి, చూచువారి కంటికే తిరిగివచ్చును.

అయితే ఆ కోణముల కొరకు బరువును వదలుకొనవలెను. ఇక్కడనే రెండు అభిరుచులు వేరైనవి. మన సానవారు రాతి బరువు తగ్గకుండ కాపాడుచు, దోషమున్న చోట మాత్రమే పలకలు తీర్చెడివారు. పెద్దరాయి రాజత్వమునకు గుర్తు; దానిని తగ్గించుట గౌరవమును తగ్గించుటయే. ఐరోపావారికి మెరుపు ముఖ్యము. ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే మన దేశమున కొన్న నీలివజ్రమును 1668లో పదునాలుగవ లూయీ రాజునకు అమ్మెను. అది కొల్లూరు గనిదని పరిశోధకుల అభిప్రాయము. అప్పుడది 110 కారట్లకు పైబడియుండగా, 1673లో సానపట్టించి సుమారు 67 కారట్లు చేసిరి. 1792లో అది దొంగల పాలయ్యెను. నేడు 45.52 కారట్ల ‘హోప్ వజ్రము’గా వాషింగ్టన్ నగరపు స్మిత్సోనియన్ ప్రదర్శనశాలలో 1958 నుండి ఉన్నది. దానికి శాపమున్నదని లోకులు కథలు అల్లిరి. దాని నీలిమకు కారణము మాత్రము అందులోని అణుమాత్రపు బోరాన్.

ఇన్ని అర్థముల నడుమ, రాయిని పైకి తీసిన చేతులు మరుగునపడినవి. తావెర్నియే కొల్లూరున సుమారు అరువదివేలమందిని చూచితినని వ్రాసెను. మగవారు నేల త్రవ్వుచుండగా, ఆడవారు, పిల్లలు మట్టి మోసి, గోడకట్టిన మడిలో పోసెడివారు. నీటితో కడిగి, ఎండబెట్టి, ధాన్యమువలె తూర్పారబట్టి, మిగిలిన గులకలో చేతులతో వెదకెడివారు. వజ్రములు రాజులకు, వర్తకులకు పోయినవి. వారికి దక్కినది కూలి. ఏ రత్నశాస్త్రమును ఆ చెమటకు ఒక గ్రహమును కేటాయింపలేదు.

కొల్లూరు గని ఎట్లు బయలుపడినదో తావెర్నియే విన్న కథ ఒకటి కలదు. ఒక పేదవాడు చిరుధాన్యము విత్తుటకు నేల త్రవ్వుచుండగా సుమారు 25 కారట్ల రాయి దొరికినదట. నేడా కొల్లూరు నేల పులిచింతల జలాశయములో మునిగియున్నది. 45.77 టి.ఎం.సి.ల నీరు పట్టు ఆ జలాశయము కృష్ణా డెల్టా సాగు కొరకే నిర్మింపబడినది. అక్కడ విడిచిన నీరు విజయవాడ ఆనకట్టకు చేరి, కాలువల వెంట తూర్పు డెల్టాకు, ముదినేపల్లి వరిమళ్లకు వచ్చును. విత్తనము కొరకు త్రవ్విన నేలలో వజ్రము దొరికినది. ఆ వజ్రపు నేలపై నిలిచిన నీరు మరల విత్తనమునకే చేరుచున్నది. రవ్వల దుద్దులు కొనుటకు డబ్బు వచ్చునదియు ఆ పంట వలననే.